పసివేళ్ళ గోళ్ళు, బాలవాడి టీచరమ్మ



కెలమంగలం చరిత్ర అనగానే మనలో చాలామందికి రాయకోట దుర్గమూ, టిప్పు సుల్తానూ, తెల్లవాళ్ళ దండూ గుర్తుకొస్తాయి. 1799 మార్చిలో జనరల్ హారిస్ సైన్యం శ్రీరంగపట్నం మీదికి పోతూ ఈ దారినే నడిచింది. ఎన్ని ఎడ్లు, ఎన్ని ఫిరంగులు అన్న లెక్కలన్నీ కాగితాల మీద ఉన్నాయి. అదే ఊళ్ళో ఒక పసిబిడ్డ గోళ్ళు ఎవరు తీశారు, దేనితో తీశారు అన్న సంగతి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఈ పూట మీతో ఆ రాయని చరిత్ర గురించే నాలుగు మాటలు చెప్పుకుంటాను. గోళ్ళకూ ఒక చరిత్రా అని నవ్వుకోకండి. ఆ గోళ్ళ సందున ఎంత కథ ఉందో వినండి.

ముందు మన ఇళ్ళలోంచే మొదలుపెడదాం. మంగళవారం గోళ్ళు తీయకూడదు. శుక్రవారం అసలే కూడదు. దీపాలు పెట్టే వేళ తీస్తే లక్ష్మి వెళ్ళిపోతుంది. అమావాస్యనాడు వద్దు, పుట్టిన వారంనాడు వద్దు, ఇంటి లోపల అసలు వద్దు. ఇలా అవ్వ చెప్పినవన్నీ తీసేస్తే వారంలో మిగిలేది ఎన్ని రోజులో మీరే లెక్క వేసుకోండి! అయినా అవ్వను తప్పు పట్టలేం. కిరసనాయిలు బుడ్డి వెలుగులో, మంగలి పొదిలోని చిన్న ఉలితోనో, బ్లేడు ముక్కతోనో పసివాడి గోరు తీస్తే వేలు తెగకుండా ఉంటుందా? ఇంట్లో తీస్తే ఆ ముక్క అన్నంలో పడదా? ఆ భయానికే ఆమె లక్ష్మీదేవిని కాపలా పెట్టింది. నెలల బిడ్డకైతే ఇనుము తగలనివ్వకుండా తల్లి తన పళ్ళతోనే కొరికి తీసేది.

అంతకంటే పాత మాట ఒకటుంది. చరక సంహితలో పక్షానికి మూడుసార్లు వెంట్రుకలూ గోళ్ళూ తీయించుకోవాలని ఉంది. పక్షమంటే పదిహేను రోజులు. అంటే అయిదు రోజులకు ఒకసారి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందని ఇప్పటి వైద్యులు చెబుతారు. ఆ పాత లెక్కకూ ఈ కొత్త లెక్కకూ పెద్ద పేచీ ఏమీ లేదు. శస్త్రం పట్టే వైద్యుడు గోళ్ళు పొట్టిగా ఉంచుకోవాలని సుశ్రుతుడు కూడా చెప్పాడు. అయితే ఇవన్నీ పెద్దవాళ్ళకు చెప్పిన మాటలు. మూడేళ్ళ బిడ్డ తన గోళ్ళు తాను తీసుకోలేడు గదా. వాడి గోళ్ళు ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉంటాయి.

ఆ ఇంకొకరు తల్లి కాక, బడి అయినప్పటినుంచే అసలు కథ మొదలైంది.

1907లో ఇంగ్లండులో ఒక చట్టం చేశారు. బడిపిల్లలను డాక్టరు పరీక్షించాలన్నది అందులోని మాట. అదే సంవత్సరం జనవరి 6న రోము నగరంలో, సాన్ లొరెంజో అనే పేదల పేటలో, మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ చిన్న పిల్లలకు ఒక ఇల్లు తెరిచింది. కూలికిపోయే తల్లుల పిల్లలను పగలంతా చూసుకోవడానికి పెట్టిన ఇల్లది. ఆ ఇంటి గోడమీద కట్టుబాట్లు రాసి పెట్టారు. స్నానం లేకుండా, మాసిన బట్టలతో వచ్చే పిల్లలను ఇంట్లోంచి తీసేస్తామన్నది వాటిలో ఒకటి. చదివితే కఠినంగా తోస్తుంది. కానీ అదే మాంటిస్సోరి తన పుస్తకంలో ఇంకో సంగతీ రాసింది. పొద్దున పిల్లలు రాగానే చేతులు, గోళ్ళు, మెడ, చెవులు, ముఖం, పళ్ళు చూడాలట. వీలైతే తల్లి అక్కడ ఉండగానే చూడాలట, కానీ ఆమెను వేలెత్తి చూపకూడదట. ఆ తరువాత నీళ్ళ దగ్గరకు తీసుకుపోయి, చేతులు కడుక్కోవడం, గోళ్ళు శుభ్రం చేసుకోవడం ఆ బిడ్డకే నేర్పాలట.

గమనించారా? ఒకే ఇంట్లో రెండు దారులు. మురికి బిడ్డను గడప బయట ఉంచడం ఒకటి, గడప లోపలికి తెచ్చి కడగడం ఒకటి. ఆ తరువాత వచ్చిన బడులన్నీ ఈ రెంటిలో ఏదో ఒకటి పట్టుకున్నాయి. మన బడుల్లో చాలావరకు మొదటి దారే పట్టాయని నా అభిప్రాయం.

సోమవారం ప్రార్థన అయ్యాక వరుసలో నిలబెట్టి, చేతులు బోర్లా చాపమనడం మీలో ఎంతమందికి గుర్తుంది? గోరు పెరిగి ఉంటే చెక్క స్కేలు వేలి కణుపుల మీద పడేది. నేను చదివిన బడిలోనూ అంతే. ఊరి పేరు, బడి పేరు ఎందుకు లెండి. నా పక్కన కూర్చునే పిల్లవాడి తల్లి కోడి కూయగానే మల్బరీ ఆకు కోయడానికి పోయేది. వాడి గోళ్ళు చూసేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఆదివారం సాయంత్రం నుంచే వాడికి బెంగ. కొన్ని సోమవారాలు బడి వెనక మామిడిచెట్టు కింద ఉండిపోయేవాడు. కొన్నాళ్ళకు మంగళవారం కూడా రాలేదు. ఆ స్కేలు దెబ్బ వాడి గోళ్ళను పొట్టి చేయలేదు, చదువును పొట్టి చేసింది.

రెండో దారి మన దేశంలో ఎలా వచ్చిందంటే, గుజరాతు నుంచి వచ్చింది. 1920లో భావనగరులో గిజుభాయి బధేకా బాలమందిరం పెట్టారు. దెబ్బ లేని, భయం లేని బడి అది. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర సముద్రతీరాన బోర్డీ అనే ఊళ్ళో పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడయ్యారు. పేద వాడల పిల్లలు బడికి రాలేదు. రాకపోతే మనమే పోదామని ఆ ఇద్దరూ పిల్లల ఇంటి ముంగిటికే బడిని తీసుకుపోయారు. అంగన్ అంటే ముంగిలి. అంగన్‌వాడీ అన్న మాట అట్లా పుట్టింది. అక్కడ పాటకంటే ముందు, అక్షరంకంటే ముందు, పిల్లలకు ముఖం కడిగి, తల దువ్వి శుభ్రం చేయడమే మొదటి పాఠం. వాకిట్లో బిడ్డను కడుగుతుంటే పక్కింటి తల్లి చూస్తుంది. ఎవరూ ఆమెకు ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు.

ఇక మన సరిహద్దుకు వద్దాం. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని దేశం మొత్తం మీద 33 చోట్ల ప్రారంభించింది. తమిళనాడుకు వచ్చినవి మూడే మూడు. మద్రాసు నగరంలో ఒకటి, నిలక్కోట్టైలో ఒకటి, మూడవది మన కెలమంగలం పక్కనున్న తళి. అప్పట్లో ఇదంతా ధర్మపురి జిల్లా. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. దేశంలోనే మొదటి వరుసలో ఒక అంగన్‌వాడీ పథకం మన గడప ముందుకు వచ్చిందన్న సంగతి మనవాళ్ళకే చాలామందికి తెలియదు. ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, బడికి ముందరి చదువు - ఈ ఆరూ ఒకే మనిషి చేతిలో పెట్టారు. ఆ మనిషి ఆ ఊరి ఆడమనిషే అయి ఉండాలన్నారు.

ఈ చివరి మాట మనలాంటి సరిహద్దు ఊళ్ళకు ఎంత ముఖ్యమో చూడండి. పుస్తకంలో తమిళం ఉంటుంది, పాటలో తమిళం ఉంటుంది. కానీ ఇంటి దగ్గర తెలుగో కన్నడమో విని వచ్చిన మూడేళ్ళ బిడ్డ ముందు "నగం" అంటే బిక్కమొహం వేస్తుంది. "ఏదీ, గోర్లు చూపించు కన్నా" అంటే రెండు చేతులూ చాపుతుంది. చేయి చాపడానికి బిడ్డకు ముందు నమ్మకం కావాలి, ఆ నమ్మకం ఇంటి మాటలో ఉంటుంది. తమిళం తరువాత తప్పక వస్తుంది, ఎవరూ ఆపలేరు.

1982 జూలై 1న ఎం.జి.రామచంద్రన్ ముఖ్యమంత్రిగా ఉండగా పల్లెల్లో పౌష్టికాహార పథకం మొదలైంది. రెండేళ్ళు నిండిన బిడ్డనుంచి బాలవాడిలో మధ్యాహ్నం అన్నం. గోళ్ళ కథ ఇక్కడ మలుపు తిరిగింది. అంతకుముందు గోరు చూడటం అందం కోసమో, క్రమశిక్షణ కోసమో. ఇప్పుడు పాతికమంది పిల్లలు ఒకే వరుసలో కూర్చుని, మట్టిలో ఆడిన చేతులతోనే సాంబారన్నం కలుపుకుంటున్నారు. స్పూను మన అలవాటు కాదు. రాగిముద్దైనా, అన్నమైనా అయిదు వేళ్ళూ నోటి దాకా పోవాల్సిందే. వేళ్ళతోబాటు గోళ్ళ సందున ఉన్నదీ పోతుంది.

ఏముంటుంది అక్కడ? కంటికి కనిపించని గుడ్లు ఉంటాయి. కడుపులోని ఏలికపాము ఒక్కటే రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. బయలు విసర్జన వల్ల అవి మట్టిలో కలుస్తాయి. కొన్ని వారాలు అక్కడ పక్వమై, ఆడుకునే బిడ్డ గోళ్ళలోకి చేరతాయి. ఇంకో రకం సన్నని తెల్ల నులిపురుగులు. ఇవి రాత్రిపూట ఆసనం దగ్గరకు వచ్చి గుడ్లు పెడతాయి. దురద పుడుతుంది, నిద్రలో బిడ్డ గోకుతుంది, గోటి కింద గుడ్లు చేరతాయి, తెల్లారి వేలు నోట్లో పెట్టుకుంటుంది. కొన్ని గంటలు చాలు, చుట్టు పూర్తయినట్టే. మందు ఇచ్చినా మళ్ళీ వస్తోందమ్మా అని తల్లులు వాపోయేది ఇందుకే. కొంకిపురుగు సంగతి వేరు. అది ఎక్కువగా చెప్పులు లేని పాదం చర్మంలోంచి దూరుతుంది. దానికి గోళ్ళు తీయడం మందు కాదు.

2015 నుంచి ఫిబ్రవరి 10ని జాతీయ నులిపురుగుల నిర్మూలన దినంగా పాటిస్తున్నారు. అంగన్‌వాడీలోనే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఏడాది నిండి రెండేళ్ళలోపు ఉన్న బిడ్డకు అరమాత్ర పొడిచేసి, ఆపైన ఒకటి. మంచి పనే. కానీ మాత్ర కడుపులో ఉన్న పురుగును చంపుతుంది గానీ, వచ్చే వారం గోటిలో చేరే గుడ్డును ఆపదు. ఆ పని ఇంకా గోరు తీసే చేతిదే.

మరి టీచరమ్మ దీన్ని ఎట్లా చేయాలి? బరువు తూచడం, రిజిస్టర్లు రాయడం, టీకాలకు పిలవడం, సర్వేలకు తిరగడం ఇవన్నీ ఆమె నెత్తినే ఉన్నాయి. పాతికమందికి తానే గోళ్ళు తీయాలంటే సాధ్యమా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చూడటం ఆమె పని, తీయడం తల్లి పని, తల్లికి వీలుకాని నలుగురైదుగురికి మాత్రమే కేంద్రంలో తీయడం - ఇదీ నాకు తోచిన పంపకం. చీటీ రాసి పంపే బదులు, సాయంత్రం బిడ్డను తీసుకుపోయే అవ్వ చేతికే నెయిల్ కట్టర్ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మేలు.

తీసేటప్పుడు బిడ్డను ఒళ్ళో, వీపు తన వైపు ఉండేట్టు కూర్చోబెట్టుకోవాలి. చేతులు కడిగాక గోరు మెత్తబడుతుంది, అప్పుడు సులువు. మరీ లోతుగా తీస్తే చిగురు తెగి చీము పడుతుంది. బ్లేడు వద్దే వద్దు. ఒకరికి వాడిన కట్టర్‌ను సబ్బునీళ్ళతో కడిగి, స్పిరిట్ దూదితో తుడిచి గానీ ఇంకొకరికి వాడకూడదు. లేకపోతే ఒక బిడ్డ గోటి పుండు ఇంకొక బిడ్డకు మనమే అంటించినట్టవుతుంది. తీసిన ముక్కలు కాగితంలో పట్టి పారేయాలి. ఇక్కడ అవ్వ మాటే గెలిచింది చూశారా!

అన్నిటికన్నా ముఖ్యం, వరుసలో నిలబెట్టి పేరు పిలిచి చూడకూడదు. బడిలో సిగ్గుపడ్డ పిల్లవాడు చెట్టుకిందైనా ఉంటాడు. బాలవాడిలో సిగ్గుపడ్డ బిడ్డ మరునాడు రాదు. రాకపోతే ఆ పూట అన్నం పోయింది, ఆ నెల బరువు తూచలేదు, టీకా సంగతి గుర్తుచేసేవాళ్ళు లేరు. గోటిలో మట్టి కంటే ఆ నష్టం పెద్దది.

ఈ ప్రాంతపు ఒక కేంద్రంలో నేను చూసినది చెప్పి ముగిస్తాను. అక్కడ సోమవారం పొద్దున ముందు టీచరమ్మే నేలమీద కూర్చుని తన రెండు చేతులూ చాపుతుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె గోళ్ళు పరీక్షిస్తారు. ఆ తరువాత వాళ్ళ వంతు. నేను వెళ్ళిన రోజున నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఆమె బొటనవేలు పట్టుకుని, పెద్ద తప్పు దొరికినట్టు, "టీచరమ్మా, నీది ఇక్కడ సున్నం ఉంది, పో, కడుక్కోని రా" అంది. ముగ్గు వేసి వచ్చిన టీచరమ్మ మారుమాట్లాడకుండా లేచి కుళాయి దగ్గరకు పోయింది.