మన గుమాస్తా చార్లెస్ లాంబ్

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శి గారు కోరినారు. కోటల గురించి, రాజుల గురించి రాయగల పెద్దలు జగిత్యాలలో ఉన్నారు. నేను ఒక గుమాస్తా చరిత్ర రాస్తాను.

మాది కథలాపూర్. మా నాన్నగారి కాలంలో చదువంటే ఉర్దూ. నిజాం రాజ్యంలో కచేరీ కాగితాలు ఆ భాషలోనే నడిచేవి. సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారంతటి కవి కూడా ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవారే. అందుచేత ఇంగ్లీషు సాహిత్యం మా దాకా చుట్టుతోవన వచ్చింది. కోస్తాలో పంచె కట్టుకొని, తెలుగు నేర్చుకొని, అప్పుడు మా ఊరి బస్సెక్కింది.

నేను బడిలో ఉండగా మా తెలుగు సారు అట్టలూడిన పుస్తకం ఒకటి ఇచ్చినారు. పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి 'సాక్షి' వ్యాసాలు. జంఘాలశాస్త్రి ఉపన్యాసం చదువుతూ పొలం గట్టు మీద ఒక్కణ్ణే నవ్వుకొంటుంటే, పిల్లవానికి ఏదో సోకిందని మా నాయనమ్మ దిష్టి తీసింది. చాలా ఏళ్ళకు గాని అసలు సంగతి తెలియలేదు. లండన్‌లో 1711 మార్చి 1న ఎడిసన్, స్టీలు అనే మిత్రులు 'స్పెక్టేటర్' అనే దినపత్రిక మొదలుపెట్టినారు. వెల ఒక పెన్నీ. అక్కడ ఒక క్లబ్బు, ఇక్కడ సాక్షి సంఘం. పేరు కూడా ఆ పేరుకు తెలుగే.

కందుకూరి వీరేశలింగం పంతులు గారి 'రాజశేఖర చరిత్రము' కూడా అంతే. 1878లో పత్రికలో రావడం మొదలైన ఆ నవలకు గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చువేసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఒరవడి. తమాషా ఏమంటే, మన నవలను 1887లో ఒక దొర మళ్ళీ ఇంగ్లీషు చేసినాడు. నకలుకు నకలు తీసి అసలు ఆఫీసుకే పంపినట్టు!

ఇవన్నీ కాపీలే కదా అని పెదవి విరిచేవారున్నారు. నేను సర్వీసంతా నకళ్ళు రాసినవాణ్ణి, నకలంటే నాకు తెలుసు. అందులో అక్షరం మారరాదు. గోల్డ్‌స్మిత్ పుస్తకంలో ధవళేశ్వరం ఎక్కడుంది? బంగారం చేసిపెడతానని ఉన్నది ఊడ్చుకొనిపోయిన మన బైరాగి ఎక్కడున్నాడు?

లాంబ్ వ్యాసాల కోసం మాత్రం నేనే నిఘంటువు పట్టుకొని ఇంగ్లీషులోకి పోవలసి వచ్చింది. షేక్స్‌పియర్ నాటకాలను కథలుగా చెప్పిన 1807 నాటి పుస్తకం ద్వారా మనలో చాలామందికి ఆయన పేరు తెలుసు. ఆ కథల్లో ఎక్కువ పాలు రాసింది ఆయన అక్క మేరీ. అచ్చులో మాత్రం తమ్ముని పేరే వేసినారు.

లాంబ్ 1792లో, పదిహేడేళ్ళ వయసులో, లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కచేరీలో గుమాస్తాగా చేరినాడు. మచిలీపట్నంలో కొట్టు పెట్టి మన దేశాన్నే మింగిన కంపెనీ అది. మొదటి మూడేళ్ళు జీతం లేదు. నాలుగేళ్ళకు, 1796లో, అక్కకు మతి చలించి కన్నతల్లినే కత్తితో పొడిచి చంపింది. తమ్ముడు పూచీపడి ఆమెను జీవితాంతం కనిపెట్టుకొని ఉన్నాడు, పెళ్ళి చేసుకోలేదు. పగలు లెక్కలు, రాత్రి రచన. చదివినవారిని నవ్వించిన మనిషి ఇంట్లో ఉన్నది ఇదీ. ఆఫీసుకు ఆలస్యంగా వస్తున్నావేమని అడిగితే, అందుకే పెందలాడే పోతున్నానని జవాబిచ్చాడని చెప్పుకుంటారు. (మనం అంటే మెమో వచ్చేది.)

ముప్పై మూడేళ్ళ సర్వీసు తర్వాత 1825లో పెన్షను ఇచ్చి పంపినారు. ఆ సంవత్సరమే ఉద్యోగ విరమణ మీద ఒక వ్యాసం రాసినాడు. విడుదలైన ఖైదీలాగా ఏమీ తోచక వీధులు తిరగడం, ఆదివారానికీ సోమవారానికీ తేడా పోవడం, పాత ఆఫీసు చూడబోతే తన బల్ల దగ్గర ఇంకొకరుండడం, అన్నీ అందులో ఉన్నాయి. నేను రిటైరైన కొత్తలో రెండు నెలలు పొద్దున తొమ్మిదింటికి టిఫిను డబ్బా లేకుండానే బస్టాండుకు పోయేవాణ్ణి. ఒకనాడు ఆఫీసు మెట్లెక్కితే, నా కుర్చీలోని కుర్రవాడు తల ఎత్తకుండానే "ఏం పని మీద వచ్చిండ్రు?" అన్నాడు. ఆ రాత్రి పెట్టెలోంచి లాంబ్‌ను తీసినాను. రెండు వందల ఏళ్ళ నాటి పరదేశి నా బాధను నా కన్నా ముందే ఫైలు చేసిపెట్టినట్టు అనిపించింది.

మా ఇంటావిడకు ఇంగ్లీషు రాదు. మొన్న వాకిట్లో కూర్చొని ఆ వ్యాసం పేరా పేరా మన మాటల్లో చెప్పినాను. అంతా విని ఆమె అడిగింది ఒక్కటే: "గాయన పోయినంక ఆ అక్కకు పించను అచ్చిందా మరి?"

పెన్షను ఏడాదికి నాలుగు వందల యాభై పౌన్లని, తన తర్వాత అక్కకు భృతి ఉండాలని అందులో తొమ్మిది పౌన్లు కోతకు ఒప్పుకున్నాడని చెప్పినాను. ఆయన 1834లో పోయినాడు. మేరీ 1847 దాకా బతికింది.

"గట్లయితే మంచోడే" అని ఆమె లోపలికి పోయి చాయ పెట్టింది.