లేని అంకెల లెక్క

సమాచారమును పట్టికలుగా పేర్చి కంప్యూటరునకు అప్పగించు నేటి విద్యార్థికి తొలినాడే ఎదురగు చిక్కు ఖాళీ గడి. కొందఱు ఆ వరుసనే కొట్టివేయుదురు. కొందఱు నిలువు వరుస సగటును తెచ్చి అందు నింపుదురు. ఎటు చేసినను పని ముందుకు సాగును గనుక, కొట్టివేసినదేమో, నింపినదెట్టిదో లెక్క చెప్పవలసిన బాధ్యత తమపై నున్నదని తలచువారు అరుదు. ఆ బాధ్యతను తొలుత గుర్తించి, దానికొక నియమము నేర్పఱచినవారు కంప్యూటరు నెఱుగని కాలమువారు. వారి పట్టికలు పంటపొలములనుండి వచ్చినవి.

ఇంగ్లండులో హార్పెండెన్ పట్టణము చెంత రోథామ్‌స్టెడ్ అను వ్యవసాయ పరిశోధన కేంద్రము కలదు. జాన్ బెన్నెట్ లాస్ అను భూస్వామి దానిని 1843లో నెలకొల్పి, రసాయన శాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీ గిల్బర్టు తోడ్పాటుతో, బ్రాడ్‌బాల్క్ అను పొలమున ఏ ఎరువు వేసిన మడిలో గోధుమ ఎంత పండినదో ఏటేట తూచి వ్రాయించుచు వచ్చెను. ఇట్లు డెబ్బది యేండ్లకు పైబడి పేరుకొనిన కొలతల రాశిని పరిశోధించుటకై 1919లో ఆర్. ఎ. ఫిషర్ అచ్చట చేరెను. ‘మిలియనేర్’ అను లెక్కల యంత్రము ఆయనకు సహాయము. ప్రాత కొలతలతో తృప్తి నొందక, ఆయన ప్రయోగము చేయు పద్ధతినే మార్చెను: నేలను బ్లాకులుగా విభజించి, ప్రతి బ్లాకులోను ప్రతి ఎరువునకు ఒక్కొక్క మడి కేటాయించి, ఏ మడికి ఏ ఎరువన్నది యాదృచ్ఛికముగా నిర్ణయించుట ఆ పద్ధతి. ఈ సమతూకము వలన కొద్దిపాటి అంకగణితముతోనే నేల తారతమ్యమును ఎరువు ప్రభావమునుండి వేఱుచేయ వీలయ్యెను. కాని పొలము గణితజ్ఞుని చెప్పుచేతలలో నుండునది కాదు. పశువులు పడి మేసినను, ముంపు వచ్చినను, కోతగాండ్రు పొరపాటున తూచకయే పనలను తరలించినను, ఒక్క మడి లెక్క పోయినంతనే ఆ సమతూకమంతయు చెడి, సులభమగు కూడికలు దుర్ఘటమగు సమీకరణములుగా మాఱును.

ఈ చిక్కునకు 1930లో ఇద్దఱు మార్గము చూపిరి. ఒకరు స్కాట్లండు దేశీయుడగు జాన్ విషార్టు. రెండవ యామె ఆస్ట్రేలియానుండి వచ్చిన ఫ్రాన్సెస్ ఎలిజబెత్ ఆలన్, తరువాత తన దేశపు ప్రభుత్వ విజ్ఞాన పరిశోధన సంస్థకు తొలి సాంఖ్యక శాస్త్రవేత్తయైన విదుషి. పోయిన మడి దిగుబడిని మిగిలిన మడులనుండి అంచనా కట్టు సూత్రమును వారు ప్రకటించిరి. మూడు బ్లాకులలో నాలుగు ఎరువులను పరీక్షించుచుండగా ఒక మడి లెక్క పోయినదనుకొందము. అదే ఎరువు వేసిన తక్కిన రెండు మడుల మొత్తము 51. ఆ బ్లాకులో మిగిలిన మూడు మడుల మొత్తము 66. దక్కిన పదునొకండు మడుల మొత్తము 252. 51ని ఎరువుల సంఖ్యయగు 4 చేతను, 66ని బ్లాకుల సంఖ్యయగు 3 చేతను హెచ్చించి కూడి, అందుండి 252 తీసివేసిన 150 వచ్చును. దానిని మూడు రెండ్ల ఆఱు చేత భాగించిన 25. ఇందలి న్యాయము రైతుకును బోధపడునట్టిదే. ఆ ఎరువు తక్కిన బ్లాకులలో సగటున 25.5 ఇచ్చినది. ఇతరమైన ఎరువులు ఈ బ్లాకులో సగటున 22, తక్కిన బ్లాకులలో 22.5 ఇచ్చినవి గనుక ఈ నేల అర పాలు తక్కువ సారము గలది. కావున పోయిన మడికి 25 తగును. పదునొకండు మడుల సగటును తెచ్చి నింపినచో ఇంచుమించు 22.9 మాత్రమే వచ్చి, మంచి ఎరువునకు అన్యాయము జరిగియుండెడిది.

ఫ్రాంక్ యేట్స్ 1931లో రోథామ్‌స్టెడ్ చేరి, రెండేండ్లకు ఫిషర్ లండనునకు తరలిపోగా సాంఖ్యక శాఖకు అధిపతి యయ్యెను. ఆయన 1933లో వెలువరించిన వ్యాసము ఈ సూత్రమునకు మూలమైన న్యాయమును విస్తరించినది: దోషముల వర్గముల మొత్తము కనిష్ఠమగునట్లు పోయిన అంకెను ఎన్నుకొనవలెను. మడులు రెండు మూడు పోయినచో, ఒకదానికి ఏదో విలువ ననుకొని మఱియొకదానిని లెక్కించి, దానితో మొదటిదానిని సవరించి, అంకెలు కదలక నిలుచువఱకు మఱల మఱల చేయవలెను. ఉపాయముకంటెను నేను మిన్నగా నెంచునది దాని వెంట వచ్చిన కట్టుబాటు. పై ఉదాహరణములో గడులు పండ్రెండును నిండియున్నను, దోషమును కొలుచుటకు గల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అనగా స్వతంత్రముగా మాఱగల అంకెల సంఖ్య, ఆఱు కాక అయిదనియే వ్రాయవలెను. నింపిన 25 లెక్కను సుకరము చేయుటకు పెట్టిన అంకెయే గాని పొలము చెప్పిన సాక్ష్యము కాదు. ఖాళీ నింపుటకు అనుమతి నిచ్చుచునే, నింపుటవలన జ్ఞానము పెరిగినట్లు చూపరాదని శాసించిన ఈ ఒక్క అంకె తగ్గింపు సాంఖ్యక శాస్త్ర చరిత్రలో మహోదాత్తమైన నియమమని నా విశ్వాసము.

మన దేశమున ఈ విచారము మఱియొక రూపము దాల్చినది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పత్రికయగు ‘సంఖ్య’లో 1938లో ఆ సంస్థ స్థాపకుడగు మహలనోబిస్ ఒక సహచరునితో కలిసి చర్చించిన చిక్కు ఇట్టిది: పంట పోలేదు గాని, కోతలో రెండు మూడు మడుల దిగుబడి ఒక్కటిగా కలిసిపోయినది, మొత్తము తెలియును, ఏ మడిది ఎంతో తెలియదు. ధాన్యము కళ్ళములో కన్నుల యెదుట నున్నను పట్టికలో ఖాళీయే. కె. ఆర్. నాయర్ ఆ మార్గమును ఇంకను ముందునకు నడపెను.

1954లో రోథామ్‌స్టెడ్‌నకు ఎలియట్ 401 అను కంప్యూటరు వచ్చెను. మైకేల్ హీలీ, వెస్ట్‌మకాట్ అనువారు 1956లో యేట్స్ పద్ధతిని యంత్రమునకు తగినట్లు మలచిరి: ఖాళీలలో ఏవో అంకెలు పెట్టి, నిండు పట్టికకు వలెనే విశ్లేషణ చేయించి, ఆ విశ్లేషణ సూచించు అంకెలను తిరిగి ఖాళీలలో పెట్టించి, మార్పు ఆగువఱకు సాగించుట. 1977లో డెంప్‌స్టర్, లెయర్డ్, రూబిన్ అను మువ్వురు ఇ.ఎం. అల్గారిథమ్ అను పేర ప్రకటించిన విశాల సిద్ధాంతములో ఇట్టి పద్ధతులన్నియు ఇమిడిపోయినవి.

ఇంతలో అమెరికా జనగణన శాఖ వేఱొక దారి తొక్కినది. ఒకని ఆదాయమో వయస్సో వ్రాయబడనిచో, అంతకు ముందే యంత్రములో నడచిన కార్డులలో తెలిసిన లక్షణములలో అతనిని పోలినవాని అంకెను తెచ్చి అతనికి పెట్టుట ఆ దారి. అప్పుడే నడచిన కార్డుల కట్టనుండి తెచ్చుట చేత దానికి హాట్ డెక్ అని పేరు వచ్చినది. 2000 సంవత్సరపు జనగణనలో ఇట్టి పూరణము వలన జనసంఖ్యకు చేరినవారు ఇంచుమించు 12 లక్షలు, అనగా మొత్తములో నూటికి 0.4 పాళ్ళు. ఆ స్వల్పమైన చేర్పు ప్రతినిధుల సభలో ఒక స్థానమును యూటా రాష్ట్రమునకు దక్కనీయక నార్త్ కరోలినాకు ఇచ్చినది. యూటా న్యాయస్థానముల కెక్కినది. 2002లో సుప్రీంకోర్టు జనగణన శాఖ పక్షముననే తీర్పు చెప్పినది. ఒక గడిని నింపు విధానము రాజ్యాంగ వివాదమగునని యేట్స్ కాలమువారు ఊహించియుండరు.

హాట్ డెక్ పట్టిక నిండుగా కనిపించును. నింపిన అంకెకును అడిగి తెలిసికొన్న అంకెకును భేదము చెఱగిపోవును. ఆ భేదమును తిరిగి నిలిపినవాడు డోనాల్డ్ రూబిన్. గడి ఏల ఖాళీ యైనదో తెలియక దానిని నింపరాదని 1976లో ఆయన వాదించెను. ఆదాయము వ్రాసిన కాగితము వానకు తడిసి చెఱగినది వేఱు. ముసలివారు చెప్ప నిరాకరించినది వేఱు, అప్పుడు వయస్సును బట్టి కొంత ఊహింపవచ్చును. మిక్కిలి ధనికులు తమ ధనమునే దాచదలచి మౌనము వహించినది వేఱు, అచ్చట పట్టికలోని ఏ అంకెయు మనకు పూర్తిగా తోడురాదు. పట్టికలో ఖాళీగానైనను కానరాని లోపమును గుఱించి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన మన సి. ఆర్. రావు గారు 1965లోనే, ఫిషర్ సూచించిన దారిని విశాలము చేయుచు, వ్రాసియుండిరి. పాఠశాలలో బాలురను పిలిచి మీ యింట అన్నదమ్ములెందఱు, అక్కచెల్లెండ్రెందఱు అని అడిగినచో, ఆడపిల్లలు మాత్రమే గల కుటుంబము ఆ లెక్కలోనికి రానే రాదు. అది రాలేదన్న గుర్తును ఎచ్చటను మిగులదు.

రూబిన్ 1978లో చూపిన ఉపాయము బహుళ పూరణము. ఖాళీని ఒక్కమాఱు గాక, సంభావ్యమైన వేఱువేఱు అంకెలతో పలుమాఱులు నింపి, ప్రతి నిండు పట్టికను విడిగా విశ్లేషించి, ఫలితముల సగటు తీయవలెను. ఒక్కొక్క పట్టిక చూపు విస్తృతుల సగటునకు, పట్టికకును పట్టికకును నడుమ ఫలితములలో గల విస్తృతిని కొంచెము హెచ్చించి కలుపవలెను; పట్టికలు అయిదైనచో ఆ హెచ్చింపు 1.2 రెట్లు. యేట్స్ ఒక అంకె తగ్గించి చెప్పిన సత్యమునే రూబిన్ ఇట్లు కలిపి చెప్పెను.

ఈ నియమములు శాస్త్రగ్రంథములలో నుండగా, యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారు చిరకాలము ఖాళీకి బదులు 99 అనియో, మైనస్ 9 అనియో వ్రాయుచుండిరి. మఱచినవాని లెక్కలో ఆ 99 కూడ ఒకని వయస్సే. 1976లో బెల్ ప్రయోగశాలలో జాన్ చేంబర్స్ ప్రభృతులు మొదలిడిన ఎస్ భాషయు, దాని బాటలో న్యూజీలాండు ఆక్లండులో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ నిర్మించిన ఆర్ భాషయు ఖాళీకి ఎన్.ఏ. అను ప్రత్యేక విలువ నిచ్చినవి. 12, ఎన్.ఏ., 15 అను మూడింటి సగటు అడిగినచో ఆర్ చెప్పు జవాబు ఎన్.ఏ. అనియే, ఖాళీని తొలగింపుమని మనము నోరువిడిచి ఆజ్ఞాపించిననే 13.5 అని పలుకును. రెండు ఎన్.ఏ.లు సమానములా అని అడిగినను జవాబు ఎన్.ఏ. యే, తెలియని రెండు అంకెలు సమానములో కావో ఎవరు చెప్పగలరు? క్రొత్తగా నేర్చుకొనువారు దీనిని మొండితనమని విసుగుకొందురు; నాకు మాత్రమిది యేట్స్ నియమము యంత్రభాషలో అవతరించినట్లు తోచును.

బహుళ పూరణమునకు ఆర్ భాషలో నేడు విశేషముగా వాడుచున్నది డచ్చి శాస్త్రవేత్త స్టెఫ్ వాన్ బ్యూరెన్ రూపొందించిన మైస్ అను ప్యాకేజీ. ఇది ఒక్కొక్క నిలువు వరుసలోని ఖాళీలను తక్కిన వరుసల సాయముతో వంతులవారీగా నింపుచు పోవును; మనము వేఱుగా చెప్పనిచో అయిదు పూరణములు సిద్ధము చేయును. ఆ అయిదింటిలోను ఊహించిన అంకెలను మాత్రమే అది వేఱొక చోట భద్రపఱచును. మనమిచ్చిన మూల పట్టికను దాని ఖాళీలతోనే తన వద్ద ఉంచుకొనును.