కాశీకి పోయి వచ్చినవాడు

మా అమ్మమ్మ కాశీలో పనసపండు వదిలేసి వచ్చింది. ఆవిడకి పనస వాసనే గిట్టదని తాతయ్య నవ్వేవాడు. మనిషి మారి వచ్చాడనడానికి మన పెద్దలు పెట్టుకున్న గుర్తు అది: ఇష్టమైన కాయో పండో గంగలో వదిలెయ్యడం. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకున్న రోజుల్లో తిరిగి రావడమే పెద్ద సంగతి. అందుకే ఇల్లు చేరగానే కాశీ సమారాధన చేసి ఊరికి భోజనాలు పెట్టేవారు.

అలాంటి రోజుల్లోనే, మన దేశంలో రైలు లేనప్పుడు, ఏనుగుల వీరాస్వామయ్య వెళ్ళొచ్చాడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఆయన ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెంట బంధువులు, నౌకర్లు, బోయీలు కలిసి వందమంది దాకా. పోయేటప్పుడు కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, జగన్నాథం, గంజాం, రాజమండ్రి, నెల్లూరు.

ఆర్టీసీలో కంట్రోలరుగా పనిచేసి రిటైరైన నాకు ఆయన రాత చూస్తే ప్రాణం లేచొస్తుంది. మజిలీ మజిలీకీ లెక్కే. ఎన్ని కోసుల దూరం, దారి రాయా రేగడా, మధ్యలో వాగులున్నాయా, నీళ్ళు బావివా ఏటివా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, దిగడానికి చోటుందా! శ్రీశైలం వెళ్ళే భక్తుల దగ్గర కందనూరు నవాబు మనుషులు పన్ను గుంజడమూ రాశాడు. ఇదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి తెలియజేస్తూ వచ్చాడు, అదీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో. పిళ్ళై దాన్ని కూర్చి పెట్టాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అప్పటికి రెండేళ్ళ కిందటే వీరాస్వామయ్య పోయాడు.

ఆయన ఆచారం వదల్లేదు. తీర్థాల్లో చెయ్యాల్సిన కర్మలన్నీ శ్రద్ధగా చేశాడు. పుణ్యానికని బయల్దేరిన మనిషికి దారి పొడుగునా మనుషుల మీద ధ్యాస పెరిగింది. ఏ సీమలో ఏం పండుతుంది, ఏ భాష మాట్లాడతారు, ఎవరి ఏలుబడి ఎలా ఉంది అని అడిగి తెలుసుకుని రాసుకున్నాడు. యాత్ర మనిషిని మార్చడమంటే నా లెక్కలో ఇదే. వదిలిన పండు ఆ ఇంటివాళ్ళకే గుర్తుంటుంది. రాసిన దారి తరాలకి పనికొస్తుంది.

ఇప్పుడు విమానమెక్కితే రెండు గంటల్లో కాశీ. వెళ్ళేవాళ్ళకి నా మనవి ఒకటే: తిరుగు ప్రయాణమైనా రైల్లో చెయ్యండి, కిటికీ పక్కన కూర్చుని చూసింది చూసినట్టు రాయండి.