గాలపు దారము - దాని పూర్వకథ

రేగోడ్‌కు పడమటి దిక్కుననున్న బసవకల్యాణము ఒకప్పుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని. అచటి ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతమున రచించిన ‘మానసోల్లాసము’లో చేపలవేటను రాజవినోదముగా వర్ణించెను. చేపల జాతులు, వానికి వేయు మేత, గాలముతో పట్టు విధము అందు కలవు. మంజీరా తీరవాసులకు ఇది దాపులోని ముచ్చటయే గనుక మేము దీనితో ఆరంభించుచున్నాము.

దారమును చుట్టు గిలక 1195 ప్రాంతపు చీనా చిత్రకారుడు మా యువాన్ చిత్రమున కానవచ్చును. పిమ్మట ఐరోపాలో ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎరగా విసరు వేట పెరిగెను. ఈగకు బరువుండదు, కావున దానిని విసరుటకు లావైన దారము కావలెను. దాని పొడవు సుమారు 27 మీటర్లే. పెద్ద చేప ఒక్క పరుగున దానినంతయు లాగుకొనిపోవును. అందుచే దాని అడుగున సన్నని గట్టి దారమును ముందే చుట్టుదురు.

ఈ అడుగు దారమును ఎన్నుకొనుటెట్లు? పూర్వపు నార, పట్టు దారములు ఆరబెట్టనిచో కుళ్లెడివి. 1938లో ప్రకటింపబడిన నైలాను కుళ్లదు గాని సాగును. సాగి బిగువుగా చుట్టుకొన్నచో, పిదప కుదించుకొని గిలకను నొక్కును. 1941లో ఇంగ్లండున కనుగొనబడిన పాలియెస్టరు కుళ్లదు, అంతగా సాగదు. కావున దానితో అల్లిన దారము మేలు. మంచినీటి చేపలకు సుమారు 9 కిలోల బలము చాలును. గాలము చెంతనున్న దారముకన్న ఇది గట్టిగా ఉండితీరవలెను. తెగినచో గాలము చెంతనే తెగవలెను. లేకున్న చేపతోపాటు దారమంతయు పోవును.

సోమేశ్వరుని పేరు గ్రంథమున నిలిచినది. ఆతని గాలమునకు దారము పేనినవారి పేర్లు మనకు దక్కలేదు. వేట మాత్రము వారి పనితనము మీదనే నడచినది.