ఇంటి ముందు ప్రహరీ.. హద్దు దాటితే చిక్కులే
ఎత్తు, గేటు, మూలమలుపులపై నిబంధనలు ఇవీ

సొంతిల్లు కట్టుకునేవారు పునాది మొదలు పైకప్పు వరకు ప్రతి విషయాన్నీ ఇంజినీరుతో చర్చిస్తారు. ప్రహరీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మేస్త్రీ చెప్పిందే ప్రమాణంగా మారుతోంది. చేతిలో మిగిలిన ఇటుక, సిమెంటును బట్టి గోడ ఎత్తు నిర్ణయమవుతోంది. పక్కింటివారు రోడ్డు మీదకు ఒక అడుగు జరిగితే తామూ అంతే జరుగుతున్నారు. కొన్నేళ్ల తర్వాత రహదారి విస్తరణకు కొలతలు తీసే రోజున అదే గోడ యజమానికి నష్టం తెచ్చిపెడుతోంది. ఈ నేపథ్యంలో ప్రహరీకి సంబంధించి గృహ యజమానులు తెలుసుకోవాల్సిన ముఖ్యాంశాలివి.

గోడ కూడా భవనమే

ప్రహరీకి అనుమతి అక్కర్లేదన్నది చాలామందిలో ఉన్న అపోహ. పురపాలక చట్టాల్లో 'భవనం' అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో ఇల్లు, పాక, షెడ్డుతో పాటు గోడ కూడా ఉంది. అది ఇటుకదైనా, మట్టిదైనా, రేకులదైనా నిర్వచనం మారదు. అందువల్ల ఇంటి ప్లానుకు దరఖాస్తు చేసుకునేటప్పుడే ప్రహరీని, గేటును అందులో చూపించడం మేలు. ఖాళీ స్థలానికి రక్షణగా ముందుగా గోడ మాత్రమే కట్టదలచినవారు సైతం పట్టణ ప్రణాళిక విభాగాన్ని సంప్రదించిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

నగరపాలక సంస్థలకు 1955 నాటి చట్టం, పురపాలక సంఘాలకు 1965 నాటి చట్టం ఉమ్మడి రాష్ట్రంలో ఆధారంగా ఉండేవి. భవన నిర్మాణ నిబంధనలు 2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా వెలువడ్డాయి. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్ 2017 మార్చిలో జీవో 119 ద్వారా కొత్త నిబంధనలు తెచ్చింది. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం 75 చదరపు గజాల్లోపు స్థలంలో ఒక అంతస్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అవసరం లేదు, రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే చాలు. అయితే ఈ సడలింపు సొంత స్థలానికే గానీ వీధికి వర్తించదు.

హద్దు ఎక్కడ?

ప్రహరీని స్థలం హద్దు మీదనే కట్టుకోవచ్చు. గోడకు, ఇంటికి మధ్య వదలాల్సిన ఖాళీ వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపి గందరగోళపడేవారు ఎక్కువ. 2012 నిబంధనల ప్రకారం 12 మీటర్ల లోపు రోడ్డున్న చోట 200 చదరపు మీటర్ల వరకు స్థలానికి ఇంటి ముందు 1.5 మీటర్లు, అంటే సుమారు అయిదు అడుగులు వదలాలి. 200 నుంచి 300 చదరపు మీటర్ల వరకు 2 మీటర్లు, ఆపైన 400 వరకు 3 మీటర్లు విడిచిపెట్టాలి. రోడ్డు వెడల్పు పెరిగేకొద్దీ ఈ ఖాళీ కూడా పెరుగుతుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. బృహత్ ప్రణాళికలో రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉంటే, ఆ మేరకు పోయే స్థలాన్ని తీసివేసిన తర్వాతే ఖాళీని కొలుస్తారు. దస్తావేజులో ఉన్న కొలత ప్రకారం గోడ కట్టి, అక్కడి నుంచి అయిదు అడుగులు వదిలానని చెబితే చెల్లదు. నిబంధనల ప్రకారం స్థలం వదిలినవారికి అభివృద్ధి హక్కుల బదిలీ పత్రాలు పొందే అవకాశం ఉంటుంది. రోడ్డును ఆక్రమించి కట్టినవారికి అలాంటి హక్కేమీ రాదు.

ఎత్తు ఎంత ఉండాలి?

ప్రహరీ ఎత్తుకు ప్రామాణికంగా చెప్పుకోదగినది జాతీయ భవన స్మృతి. 1970లో తొలిసారి వెలువడిన ఈ స్మృతిని 1983, 2005, 2016 సంవత్సరాల్లో సవరించారు. ఇది నమూనా మాత్రమే. స్థానిక నిబంధనల్లో చేర్చుకున్నప్పుడే చట్టబద్ధమవుతుంది. అందులోని సూచనలు ఇవి.

* ముందు వీధి మధ్య భాగం నుంచి కొలిచినపుడు ప్రహరీ ఎత్తు 1.5 మీటర్లు, అంటే దాదాపు అయిదు అడుగులు మించరాదు.
* 2.4 మీటర్ల వరకు, అంటే సుమారు ఎనిమిది అడుగుల ఎత్తు కావాలంటే పైనున్న 0.9 మీటర్ల భాగం గాలి, వెలుతురు వచ్చేలా జాలీ లేదా గ్రిల్‌తో ఉండాలి.
* వీధి మూల స్థలమైతే కూడలి వైపు రెండు పక్కలా 10 మీటర్ల పొడవున గోడ ఎత్తు 0.75 మీటర్లకే పరిమితం కావాలి. మిగిలిన 0.75 మీటర్లు కావాలంటే ఊచలతో నింపుకోవాలి.
* గేటు పూర్తిగా ఇంటి ఆవరణలోకే తెరుచుకోవాలి. రోడ్డు మీదకు, నడకదారి మీదకు తెరుచుకోరాదు.

మూల స్థలాలపై ఇంత పట్టింపు ఎందుకన్న సందేహం రావచ్చు. నిలువెత్తు గోడ కట్టిన మలుపులో అవతలి నుంచి వచ్చే ద్విచక్ర వాహనం దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. బడి పిల్లలు, సైకిళ్లపై వెళ్లేవారు ప్రమాదాలకు గురయ్యేది ఇలాంటి చోటనే. అందుకే కూడలిలో స్థలం మూలను ఏటవాలుగా కత్తిరించాలని రాష్ట్ర నిబంధనలూ చెబుతున్నాయి. అలా విడిచిన ముక్క రోడ్డు కూడలిలో భాగమవుతుంది.

మెట్లు, ర్యాంపులు, ఈశాన్యం

గోడ హద్దులోనే ఉన్నా గేటు బయట మెట్లు, బండి ఎక్కేందుకు ర్యాంపు, కూర్చునేందుకు అరుగు వీధిలోకి చొచ్చుకువస్తుంటాయి. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా ర్యాంపు కూడా పెరుగుతోంది. మురుగు కాల్వపై శాశ్వతంగా స్లాబు వేయడంతో పారిశుద్ధ్య కార్మికులు పూడిక తీయలేకపోతున్నారు. వానాకాలంలో ఆ నీరు వెనక్కి తన్ని అదే వీధిలోని ఇళ్లలోకి చేరుతోంది. తొలగించడానికి వీలైన పలకలు వేసుకుంటే ఈ సమస్య ఉండదు. ర్యాంపును గేటు లోపలే కట్టుకోవాలి.

వాస్తు పేరిట ఈశాన్యం మూలను పెంచి గోడను రోడ్డు మీదకు వంచి కట్టడం అనేక వీధుల్లో కనిపిస్తుంది. నమ్మకం ఎవరిదైనా, పెంచుకోవాల్సింది సొంత స్థలంలోనే. వీధిలోకి పెరిగిన మూల ఆక్రమణ కిందకే వస్తుంది. ఏళ్ల తరబడి ఉందన్న వాదన కూడా సులువుగా నిలవదు. వీధి స్థలాన్ని స్వాధీనం చేసుకునేందుకు దావా వేయడానికి స్థానిక సంస్థలకు 1963 నాటి కాలపరిమితి చట్టం 30 ఏళ్ల గడువిచ్చింది. ప్రైవేటు స్థలాలకు ఈ గడువు 12 ఏళ్లే.

కూలితే ప్రాణాలకే ముప్పు

2019 డిసెంబరు 2న తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం సమీపాన నడూరులో ఓ ఇంటి ప్రహరీ భారీ వర్షానికి కూలి పక్కనున్న ఇళ్లపై పడింది. నిద్రలోనే 17 మంది మృత్యువాత పడ్డారు. ఆ గోడ ఎత్తు దాదాపు 20 అడుగులు. ఎత్తు నిబంధన ఎదుటివారి ప్రాణాలకు సంబంధించినదని ఈ దుర్ఘటన చాటింది.

గోడ వెనుక మట్టి నింపినప్పుడు వాన నీరు ఇంకి బరువు పెరుగుతుంది. ఆ నీరు బయటకు పోయేందుకు అడుగు భాగంలో రంధ్రాలు వదలాలి. పాత గోడపైనే మరో నాలుగు వరసలు పేర్చడం ప్రమాదకరం. పొడవైన గోడకు మధ్యమధ్యలో స్తంభాలు, కింద తగినంత పునాది తప్పనిసరి. మట్టి ఒత్తిడి ఉన్నచోట ఇంజినీరు సలహా లేకుండా కట్టరాదు.

పొరుగువారితో తగాదా వస్తే

పురపాలక అనుమతి యాజమాన్య హక్కుకు రుజువు కాదు. ఇద్దరి మధ్య హద్దు వివాదాన్ని పట్టణ ప్రణాళిక అధికారులు తేల్చరు. దస్తావేజులు, సర్వే రికార్డుల ఆధారంగా ప్రభుత్వ సర్వేయరుతో కొలిపించుకోవాలి. అప్పటికీ తేలకపోతే సివిల్ కోర్టే మార్గం. పక్కింటికి 20 ఏళ్లుగా నిరాటంకంగా అందుతున్న గాలి, వెలుతురుకు 1882 నాటి చట్టం రక్షణ కల్పిస్తోంది. హద్దు గోడ ఎత్తు పెంచేటప్పుడు ఈ అంశాన్నీ చూసుకోవాలి.

నగరపాలక సంస్థల్లో అనుమతి లేని నిర్మాణాలపై 1955 చట్టం 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు ఇస్తారు. దానికి గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ప్లాను ప్రతి, దస్తావేజు జత చేయాలి. నోటీసును పట్టించుకోకుండా పని కొనసాగిస్తే నష్టం యజమానిదే.

కట్టేముందు చూసుకోండి

* బృహత్ ప్రణాళికలో మీ వీధి వెడల్పు ఎంతో తెలుసుకోండి. వివరాలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు.
* హద్దు రాళ్లను పొరుగువారి సమక్షంలో సరిచూసుకోండి.
* పునాది కూడా మీ స్థలంలోనే ఉండేలా చూడండి. గోడ లోపల ఉండి పునాది బయటకు వచ్చినా వివాదమే.
* ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో వార్డు సచివాలయంలోని ప్రణాళిక కార్యదర్శిని, మిగిలిన చోట్ల పురపాలక కార్యాలయంలోని పట్టణ ప్రణాళిక విభాగాన్ని సంప్రదించండి. గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శిని కలవాలి.
* మేస్త్రీకి నోటిమాటగా కాకుండా ఎత్తు, పొడవు, గేటు తెరుచుకునే వైపు కాగితంపై రాసి ఇవ్వండి.