వ్రాతకు గుర్తులు : తాటాకు మొదలు వికీ పుట వఱకు

తాటాకు గ్రంథములయందు మాటకును మాటకును నడుమ ఎడము లేదు. అంచు మొదలుకొని అంచు వఱకు అక్షరములు గొలుసువలె సాగును. పద్య మెక్కడ ముగిసినదో, వచన మెక్కడ మొదలైనదో చదువరి తన చెవిచేతనే గ్రహింపవలెను. అయినను వ్రాయసకాండ్రు చదువరిని కేవలము నిరాధారుని చేసి విడువలేదు. "క." అని యున్నచో కందము, "సీ." అని యున్నచో సీసము, "వ." అని యున్నచో వచనము. ఈ చిన్న యక్షరములు కావ్యములోనివి కావు. పురాణము చదువువారు వీనిని రాగమెత్తి చదువరు. ఇవి పద్యమును గూర్చి చదువరికి చెప్పెడి మాటలు. ఇందొక విశేషము కలదు. "సీ." అనునది ఈ పద్య మిట్టిదని చెప్పునే కాని, దీనిని ఇంత లావు అక్షరములతో, ఇంత ఎడముగా దిద్దుమని చెప్పదు. ఆ పని అచ్చుకూటమువారిది. వస్తువు పేరు చెప్పుట వేఱు, వేషము చెప్పుట వేఱు.

నేడు కంప్యూటరు తెరపై పుటలు వ్రాయువారు వాడుచున్న వికీ గుర్తులు ఈ జాతికి చెందినవే. అయితే యంత్రములు మొదట పట్టిన త్రోవ ఇది కాదు. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జెరోమ్ సాల్ట్జర్ రచించిన "రనాఫ్" అను సాధనములో పంక్తి మొదట ఒక చుక్క పెట్టి ఆజ్ఞ వ్రాసెడివారు: దీనిని నడుమకు తెమ్ము, దీనిని ప్రక్కకు జరుపుము అని. అవి వేషమును చెప్పు ఆజ్ఞలు. 1969 ప్రాంతమున ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అను మువ్వురు దీనిని మార్చి, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అని భాగముల పేర్లనే గుర్తులుగా వ్రాయు పద్ధతిని కల్పించిరి. దానికి పెట్టిన పేరులో తమ యింటిపేర్ల మొదటి అక్షరములు వచ్చునట్లు చూచుకొనిరట! 1986లో ఆ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణమైనది. టిమ్ బెర్నర్స్-లీ అల్లిన ప్రపంచవ్యాప్త జాలమునకు అదియే పునాది. కాని కోణపు గుర్తుల నడుమ ఇఱికించిన ఆ పదములను తప్పు లేకుండ వ్రాయుట నేర్చిన పనివారికే సాధ్యము. తెరచిన గుర్తులలో పెక్కింటిని మరల మూయవలెను.

ఆ చిక్కును విప్పినవాడు వార్డ్ కన్నింగ్‌హామ్. ప్రోగ్రాములు వ్రాయువారు తమ అనుభవములను ఒకేచోట, ఎవరికి తోచినది వారు వ్రాసి, ఒకరిది మఱియొకరు దిద్దుకొనుటకై ఆయన 1995 మార్చి 25న ఒక పుస్తకమువంటి దానిని జాలముపై తెరచెను. హవాయి ద్వీపముల భాషలో "వికీ వికీ" యనగా త్వరత్వరగా అని యర్థము. ఆ మాటనే దానికి పేరుగా పెట్టెను. గుర్తులు కూడ త్వరగా పట్టువడునవే. మాటకు ఇరుప్రక్కల రెండేసి కొక్కెములు పెట్టినచో అది వంపు అక్షరము. మూడేసి పెట్టినచో లావు అక్షరము. ఇంకొక పుటకు త్రోవ చూపవలెనన్నచో రెండు ఆంగ్ల పదములను ఎడము లేక కలిపి, ఒక్కొక్క పదపు మొదటి యక్షరమును పెద్దబడి అక్షరముగా వ్రాసిన చాలును.

ఇచ్చట తెలుగువాడు కొంచెము ఆగి ఆలోచింపవలెను. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అను భేదము లేదు. ఆ గుర్తు అట్లే నిలిచియున్నచో తెలుగు పుటనుండి తెలుగు పుటకు త్రోవ వేయు సాధనమే ఉండెడిది కాదు. 2001 జనవరి 15న ఆరంభమైన వికీపీడియా సయితము మొదట ఆ పెద్దబడి గుర్తునే వాడెను. ఆ యేటనే దానికి బదులుగా రెండేసి చదరపు కుండలీకరణములు, [[ ]], వాడుకలోనికి వచ్చినవి. ఎవరికొఱకు చేసినను, తెలుగునకును, అరవమునకును, పెద్దబడి యెఱుగని సమస్త లిపులకును ద్వారము తెరచినది ఈ మార్పే. [[కొల్లేరు]] అని వ్రాయవచ్చును, [[ఉప్పుటేరు]] అని వ్రాయవచ్చును. యంత్రమునకు అభ్యంతరము లేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. అందుకు పూనుకొన్నవారు వెన్న నాగార్జున. పాత ఖతులలోని తెలుగును యూనికోడునకు మార్చు "పద్మ" అను ఉపకరణమును నిర్మించినవారును వీరే. అచ్చట కూడినవారు గుర్తులతోపాటు చక్కని పేర్లనుకూడ ఏర్పఱచుకొనిరి. ఎదుగవలసిన చిన్న వ్యాసము "మొలక". పలు పుటలలో వాడుటకై ఒక్కసారి పోతపోసి ఉంచిన అచ్చు "మూస". అందఱు కూడి చర్చించు తావు "రచ్చబండ". ఇవి నిఘంటువులలో వెదకి తెచ్చినవి కావు, ఊరిలోనివి.

ప్రోగ్రాముల పనివారి యింట పుట్టిన ఈ గుర్తులు వారి పనుల లెక్కలలోనికి ప్రవేశించుట సహజమే. ఒక పెద్ద నిర్మాణమును చిన్న పనులుగా విభజించి, ఏ పని ఎవ్వరిది, ఎంతవఱకు వచ్చినది, ఏల ఆగినది అని లెక్కవ్రాయు సాధనములు కలవు. 2004లో వెలువడిన "ట్రాక్", 2006లో వెలువడిన "రెడ్‌మైన్" అట్టివి. వీనిలో లెక్కతోపాటు వికీ పుటలును ఉండును. ప్రతి పనికి ఒక సంఖ్య యుండును. పుటలో ఎచ్చట # గుర్తు పెట్టి ఆ సంఖ్య వ్రాసినను అది ఆ పని యొక్క చిట్టాకు త్రోవయగును. పని ముగిసినచో ఆ సంఖ్య కొట్టివేసినట్లు అడ్డగీతతో కానవచ్చును. కరణీకపు లెక్కలు చూచినవారికి ఇది క్రొత్త కాదు. అడంగలులోని సర్వే నెంబరు పట్టుకొని పది (1) లెక్కకు పోవచ్చును. అచ్చట పట్టాదారు దొరకును. సంఖ్యయే త్రోవ. అడంగలు గడులవంటి పట్టికను గీయుటకు సయితము రెడ్‌మైన్‌లో నిలువుగీత | ఒక్కటి చాలును: గడికి గడికి నడుమ ఒక గీత, వరుసకు ఒక పంక్తి. సంఘమువారి చందా పుస్తకమును ఇట్లు పావుగంటలో కూర్చవచ్చును.

ఐతే ఒక ఊరి కుంచము మఱియొక ఊర చెల్లనట్లు గుర్తులలో ఏకత లేదు. వికీపీడియాలో శీర్షికకు ఇరువైపుల = గుర్తులు; రెడ్‌మైన్ మొదటినుండి వాడిన పద్ధతిలో పంక్తి ముందు ఆంగ్లాక్షరమొకటి, అంకె, చుక్క. ఒకచోట మూడు కొక్కెములు చేయు పనిని ఇంకొకచోట ఒక నక్షత్రము చేయును. 2007లో "క్రియోల్" అను ఉమ్మడి గుర్తుల పద్ధతిని కూర్చిరి కాని అందఱును దానిలోనికి రాలేదు. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ సంస్థ తన "కాన్‌ఫ్లుయెన్స్" సాధనములో 2011లో గుర్తులతో పుటను దిద్దు పద్ధతినే తీసివేసి, అచ్చులో కానవచ్చునట్లే తెరపై వ్రాయు పద్ధతిని తెచ్చెను. వికీపీడియా 2013లో అట్టి పద్ధతిని చేర్చెను కాని పాతదానిని తీయలేదు. రెండవదే మేలైన త్రోవ. గుర్తు కంటికి కానవచ్చునప్పుడే తప్పెక్కడ నున్నదో తెలియును.

ఈ కొల్లేటి నడుమ నున్న గ్రామమునకు ఇందులో పని యేమి యని యెవ్వరైన అడుగవచ్చును. పూర్వము ఊరి సంగతి వ్రాయు చేయి ఒక్కటే. దండకవిలె కరణము ఇంట నుండెడిది; అందేమి వ్రాసినది ఊరివారికి తెలియుటయే యరుదు. 1984లో ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు రద్దయినవి. నేడు తెలుగు వికీపీడియాలో ఊరూరికి ఒక పుట కలదు. దానిని ఎవ్వరైనను దిద్దవచ్చును. ఎవ్వరేమి దిద్దిరో "చరిత్ర" యను భాగమున తేదీతో సహా నిలిచియుండును, పాత పాఠమును మరల తేవచ్చును. అయితే ఆ పుటలలో పెక్కింట యంత్రసహాయముచే నింపిన జనగణన అంకెలే కాని ఊరి మాట లేదు. 2022 ఏప్రిల్ 4న కైకలూరు మండలము కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాకు మాఱినది. ఇట్టి మార్పు కలిగినప్పుడు మండల గ్రామముల పేర్లు గల మూసను ఒక్కచోట దిద్దినచో అన్ని యూళ్ల పుటలలోను మాఱును. వాక్యములలో వ్రాసిన జిల్లా పేరు మాత్రము ఒక్కొక్క పుటలో చూచి దిద్దవలసినదే.

అంతకంటె కష్టమైనది ఐతిహ్యము. గజపతుల కోటను ముట్టడించిన శత్రువులు సరస్సు నీటిని సముద్రమునకు తీయుటకై కాలువ త్రవ్విరనియు, కోటలోని సేనాని తన కూతురిని బలియిచ్చెననియు, అందుచే దానికి పేరంటాల కనుమ యను పేరు వచ్చెననియు ఇచ్చట చెప్పుకొందురు. పెద్దింట్లమ్మ తీర్థమునకు వచ్చినవారు ఈ కథను విని పోవుచుందురు. దీనిని పుటలో చేర్చవచ్చును, ఐతిహ్యమని పేర్కొని. వాక్యము చివర ఏ గ్రంథమున, ఏ పుటలో ఉన్నదో తెలుపు పాదసూచిక గుర్తు పెట్టవలెను. అది లేనిచో ఆధారము కావలెనని యెవ్వరో ఒకరు అచ్చట ఒక మూస అతికించి పోవుదురు. కొంతకాలమునకు వాక్యమే తొలగిపోవచ్చును. గ్రంథాలయములోని బీరువాలు తెరచి, కొల్లేటిని గూర్చిన పుస్తకములలో ఆ కథ ఉన్న పుటల సంఖ్యలు వ్రాసికొనుటతో ఈ పని మొదలుపెట్టవచ్చును.