ఎర్ర బాణం, నల్ల పోగు

చైనాలో తియాన్మా అని పిలిచే ఆర్కిడ్‌కు ఆకులు పేరుకు పొలుసులుగా మాత్రమే మిగిలాయి. ఒంట్లో పచ్చదనం లేదు, ఎదిగిన దుంపకు వేళ్లూ లేవు. ఏడాదిలో ఎక్కువ భాగం భూమిలో దుంపగా పడి ఉండి, పూత వేళకు ఒక్క కాడను పైకి పంపుతుంది. తలనొప్పికీ, కళ్లు తిరగడానికీ, మూర్ఛకూ చైనా వైద్యులు తరతరాలుగా వాడుతున్నది ఆ దుంపనే. రెండు వేల ఏళ్ల పాటు అడవిలో వెతికి తవ్వి తెచ్చుకున్న ఈ మందు, గడచిన అరవై ఏళ్లలోనే పంటగా మారింది. మొక్కను పెంచే ప్రయత్నం మాని, ఆ మొక్క తినే తిండిని పెంచడం నేర్చుకోవడమే దీనికి అసలు కారణమని నా అభిప్రాయం.

దీని పాత పేర్లు చూస్తే, పూర్వులకు ఈ సంగతి కొంతవరకు తట్టిందనిపిస్తుంది. హాన్ రాజుల కాలం నాటి మూలికల గ్రంథం 'షెన్నోంగ్ బెన్‌త్సావ్ జింగ్' దీన్ని 'ఎర్ర బాణం' అంది. మట్టిలోంచి ఆకు లేకుండా నిటారుగా లేచే కాడకు తగిన పేరే అది. అదే గ్రంథంలో మరో పేరుంది: 'తల్లిని విడిచినది'. నాలుగో శతాబ్దంలో గే హోంగ్ పెద్ద దుంప చుట్టూ పన్నెండు చిన్న దుంపలు దూరదూరంగా ఉంటాయనీ, తెల్లవెంట్రుకల్లాంటి పోగులు వాటిని కలుపుతాయనీ ఒక విచిత్రమైన మూలికను వర్ణించాడు. తరవాతి వైద్యులు దాన్ని ఈ మొక్కగానే గుర్తించారు. ఎర్ర బాణమూ తియాన్మా ఒకటేనని పదకొండో శతాబ్దంలో షెన్ కువో రాశాడు. ఇవన్నీ కట్టుకథలేనని తోసిపుచ్చవచ్చు. కానీ వేరు లేని దుంప దేన్ని పట్టుకుని బతుకుతోందన్న ప్రశ్న వీటి వెనక ఉంది. ఆ ప్రశ్న మాత్రం కట్టుకథ కాదు.

జవాబు 1911లో జపాన్ నుంచి వచ్చింది. చెట్ల వేళ్లను కుళ్లబెట్టే ఆర్మిల్లేరియా అనే పుట్టగొడుగు జాతి శిలీంధ్రమే ఈ ఆర్కిడ్‌ను పోషిస్తోందని కుసానో షున్సుకే చూపించాడు. దాని నల్లని తాళ్లలాంటి పోగులు దుంపలోకి చొరబడతాయి, దుంప వాటిని జీర్ణించుకుంటుంది. అడవి చెట్లను తినే శిలీంధ్రాన్ని ఈ మొక్క తింటుందన్నమాట. 2018లో వెలువడిన జన్యుపటంలో తేలిన జన్యువులు సుమారు 19 వేలే. సొంతంగా వండుకోవలసిన పని లేని మొక్క చాలా సరంజామాను వదిలించుకుంది. చైనాలో 1960ల నుంచి యునాన్‌లో జౌ షువాన్, బీజింగ్‌లో షూ జింతాంగ్ వంటివారు ఈ జ్ఞానాన్ని సాగుబడిగా మలిచారు. అయితే ఇంకో చిక్కు మిగిలింది. ధూళి లాంటి విత్తనంలో మొలకకు నిల్వ తిండి లేదు, ఆర్మిల్లేరియా దాన్ని మొలిపించదు. ఆ పని మైసీనా అనే మరో చిన్న పుట్టగొడుగుదని షూ పరిశోధనల్లో తేలింది. పుట్టుకకు ఒక దాది, పెంపకానికి మరో దాది.

అందుకే ఈ సాగులో రైతు మొదట సిద్ధం చేసేది కలప. ఓక్ వంటి చెట్ల దుంగలకు ఆర్మిల్లేరియా పట్టించి, కొండవాలులో లోతులేని గుంటల్లో పేర్చి, పక్కన మైసీనా పట్టిన ఎండుటాకుల మీద విత్తనం చల్లి మట్టి కప్పుతారు. రెండో శీతాకాలానికి తవ్వుతారు. ముదిరిన దుంపల్ని ఆవిరికి ఉడికించి ఎండబెడతారు, చిన్న తెల్ల దుంపల్ని మళ్లీ నాటుతారు. తరాల కొద్దీ దుంపలతోనే నెట్టుకొస్తే పంట క్షీణిస్తుంది కనుక, పూలకు చేత్తో పరాగసంపర్కం చేసి కొత్త విత్తనం తీస్తారు.

అడవి దుంపకున్న గుణం పొలం దుంపకు ఉండదని కొందరంటారు. అయితే చైనా మందుల అంగళ్లలో ఉన్న గీటురాయి తవ్విన కాలం. కాడ లేవకముందు శీతాకాలంలో తీసినది గట్టిగా, బరువుగా ఉంటుంది. ఎండాక దాని మొగ్గను 'చిలక ముక్కు' అంటారు. వసంతంలో కాడ లేచాక తీసినది లోపల డొల్ల. ఎప్పుడు తవ్వాలో అడవిలో వెతికేవాడికంటే రైతు చేతిలోనే ఎక్కువ ఉంది. రెండో ఆక్షేపణ, ఇదే దారిలో మిగతా ఔషధ ఆర్కిడ్లనూ కాపాడవచ్చు కదా అన్నది. మన మూలికల అంగళ్లలో సాలామిశ్రిగా దొరికే దుంపల ఆర్కిడ్ల విత్తనానికీ శిలీంధ్రమే కావాలి. కానీ అవి ఆకులతో సొంతంగా వండుకుంటూ, దుంప ఊరడానికి ఏళ్లు తీసుకుంటాయి. తియాన్మా త్వరగా చేతికొచ్చేది దుంగలో దాచి ఉన్న తిండి వల్ల.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఆ దుంగ గురించే. ఆర్కిడ్‌ను కాపాడటానికి చెట్టును నరకాలా? కొమ్మ కత్తిరింపులతో, నరికినా మళ్లీ చిగురించే చెట్లతో సరిపెట్టుకోవచ్చన్న జవాబు సరైనదే, కానీ పూర్తి జవాబు కాదు. ఆ పోగులు తినేశాక దుంగ పుచ్చిపోతుంది, మరుసటి నాటుకు కొత్తది కావాలి. దుంప అడవి నుంచి పొలానికి వచ్చింది గానీ, దాని తిండి ఇప్పటికీ అడవి నుంచే వస్తోంది.